కొత్త పెట్టకముందు

ఎంతవరకు వచ్చామో ఒకసారి చెప్పుకుని ముందుకు పోదాం. నేరేడుపుట్టు పూజారి అప్పలస్వామి భార్య సోములమ్మ మంచం పట్టి రెండు నెలలయింది. గొంతులో పుండు. పెద్దాసుపత్రి వాళ్ళు చూడాల్సింది చూసి, చెయ్యాల్సింది చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్నం దిగదు. మంచినీళ్ళ సంగతి మరీ అన్యాయం, గుక్కెడు పోస్తే పొలమారి కళ్ళు తేలేస్తుంది. ఆమెకు దిగేది ఒక్కటే, కూతురు సిల్వియా హుకుంపేట నుంచి తెచ్చే పళ్ళ జెల్లీ. ఆకలికీ అదే, దాహానికీ అదే. దానికి సోములమ్మ పెట్టుకున్న పేరు వణుకుడు ముద్ద.

ఈ కూతురికి తల్లీతండ్రీ పెట్టిన పేరు కొండమ్మ. పంతొమ్మిదేళ్ళ కిందట నతానియేల్ మాస్టారిని చేసుకుని, బాప్తిస్మం తీసుకుని సిల్వియా అయింది. ఆ రోజు నుంచి అప్పలస్వామి ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. కొడుకా, చిన్నప్పుడే జ్వరంలో పోయాడు. ఉన్న ఒక్క కూతురూ ఆరు మైళ్ళ దూరంలో ఉండి కూడా లేనట్టే అయింది. జెల్లీ గిన్నె పుణ్యమా అని గుమ్మం తెరుచుకుంది గాని, పెద్దాయన నోరు ఇంకా తెరుచుకోలేదు. కూతురు వస్తే లేచి పెరట్లోకి పోతాడు, వెళ్ళాక మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

నిన్న సాయంత్రం తల్లికి తినిపించడం అయ్యాక, గిన్నె అంచుకు అంటిన ముక్కను సిల్వియా వేలితో తీసి నోట్లో వేసుకుంది. బొప్పాయి జెల్లీ అనుకున్నది మామిడి రుచి కొట్టింది. అక్కడే ఆపాం కదూ.

మైదానం వాళ్ళకు ఇందులో కంగారుపడాల్సింది ఏముందో అర్థం కాకపోవచ్చు, అందుకని చెబుతున్నాను. ఆ కొండల్లో ఏ పంటయినా, ఏ పండయినా దేవుడికి పెట్టి కొత్త చేసుకోనిదే నోట పెట్టరు. చిక్కుడుకు ఒక కొత్త, సామకు ఒక కొత్త, చైత్రంలో మామిడికి ఒక కొత్త. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా కొత్త అయ్యేదాకా పిల్లలు సైతం తలెత్తి చూసి ఊరుకోవలసిందే. కొత్తనాడు ఊరి దేవుడైన శంకుదేవుడి దగ్గర కత్తిపీట మీద మొదటి కాయ కోసేది పూజారి ఇంటి ఆడది. కొయ్యాల్సిన మనిషి అప్పటికే మామిడి తిని ఉంటే ఆ ఏడు ఊరికి కీడు తప్పదని వాళ్ళ నమ్మకం. యాభై ఏళ్ళుగా నేరేడుపుట్టులో ఆ కాయ కోస్తున్నది సోములమ్మ. ఈ ఏటి కొత్త రేపు పొద్దున.

నతానియేల్ మాస్టారు రాత్రే తేల్చేశాడు. "మామిడిపండులో పాపం ఏముంటుంది? నోరు మూసుకుని ఊరుకో. చెప్పావంటే ముసలమ్మ మనసు విరిగిపోతుంది, మీ నాన్న నిన్ను మళ్ళీ వీధిలో నిలబెడతాడు," అన్నాడు. మాస్టారు మంచివాడే. కానీ ఆయన పుట్టింది చర్చి కాంపౌండులో. పదేళ్ళ పిల్లగా చెట్టు కింద రాలిన పండును కాలితో పక్కకు నెట్టి నడిచినవాళ్ళ గుండెలో ఏముంటుందో ఆయనకు తెలియదు. సిల్వియాకు పంతొమ్మిదేళ్ళుగా దేవుడు ఒక్కడే. అయినా ప్రతి ఏడూ నేరేడుపుట్టులో కొత్త అయిందని తెలిసేదాకా మామిడి ముట్టలేదు. ఎందుకని మాస్టారూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

తెల్లవారగానే హుకుంపేట సంతవీధిలోని కమల కొట్టుకు వెళ్ళింది.

కమల చోడవరం నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ముందు గదిలో కూల్‌డ్రింకుల వ్యాపారం, వెనక గదిలో వీళ్ళిద్దరి జెల్లీ పని. మూడేళ్ళుగా అనాస, జామ, బొప్పాయి, సీతాఫలం, ఏ కాలానికి ఆ పండుతో జెల్లీ బిళ్ళలు చేసి బొర్రా రోడ్డు కొట్లకు పంపుతున్నారు. టూరిస్టులు ఎగబడి కొంటారు. సిల్వియా తల్లి దగ్గర కూర్చోవలసి వచ్చినప్పటి నుంచి పొయ్యి దగ్గర కమలే ఉంటోంది.

సిల్వియా వెళ్ళేసరికి కమల నానబెట్టిన చైనా గ్రాస్‌ను చేత్తో పిండి గిన్నెలో వేస్తోంది. తెల్లటి ఎండు పోగులు. సముద్రంలో దొరికే నాచు నుంచి తీస్తారట. ఆ పోగులు మరిగే నీళ్ళలో పూర్తిగా కరిగిపోతాయి, చల్లారితే నీళ్ళను పట్టి గట్టిగా నిలబెడతాయి. వీళ్ళు మాత్రం దాన్ని గడ్డి అనే అంటారు.

"కమలా, మా అమ్మకిచ్చిన బొప్పాయిలో ఏం కలిపావు?"

కమల ముఖం వెలిగింది. "కనిపెట్టేశావా అక్కా? బాగా తిందా? బొప్పాయి వాసనకి ఆవిడ మొహం తిప్పేసుకుంటోందని నువ్వే కదా అన్నావు. మా అన్నయ్య చోడవరం నుంచి మామిడిపళ్ళు తెచ్చాడు. ఒక్కో గిన్నెకి రెండేసి గరిటెల గుజ్జు కలిపాను. పొయ్యి దించాకే కలిపానులే, పులుపుతో మరిగిస్తే గడ్డి విరిగిపోతుందని నువ్వు చెప్పింది గుర్తుంది."

"ఎన్ని రోజులు?"

"మూడు రోజుల నించి. ఏం, పడలేదా?"

సిల్వియా బియ్యం బస్తా మీద కూలబడింది. మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు, తన చేత్తో చెంచా చెంచాగా తినిపించింది. కొత్త సంగతి చెప్పేసరికి కమల చేతిలోని పోగులు నీళ్ళలోకి జారిపోయాయి.

"అయ్యో అక్కా. మేం ఉగాదికే తినేస్తాం కదా. నాకు అసలు తట్టనే లేదు. మీ కొండవాళ్ళకి ఏదో పండగుందని తెలుసు గానీ, అప్పటిదాకా తినరని..." ఎనిమిదేళ్ళు ఆ ఊళ్ళో కాపురం చేసింది, వారం వారం సంతలో వాళ్ళతోనే మాటా మంచీ. అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. "అయినా అక్కా, మా కొట్లో మామిడి జ్యూసు సీసాలు మీ ఊరి వాళ్ళే కొనుక్కుపోతారే? మొన్న కూడా కొన్నారు."

"ఆ తగువు పోయినేడు వచ్చింది. మా అయ్యే తీర్చాడు. సీసాలోది పోయినేటి కాయ. దానికి పోయినేడే కొత్త అయిపోయింది. అది తాగితే తప్పు లేదన్నాడు."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. కమల గొంతు తగ్గించింది. "అయితే ఇంకేం అక్కా. డబ్బా గుజ్జు అని చెప్పెయ్. ఎవరైనా వచ్చి నన్ను అడిగినా అదే చెబుతాను. పోయినేటి డబ్బా అని."

చూడండి, మంచి మనసున్న వాళ్ళు చెప్పే అబద్ధం ఎంత వాటంగా ఉంటుందో. ఎవరికీ నష్టం లేదు. అమ్మ ప్రాణం హాయిగా ఉంటుంది, ఊరు ఊరుకుంటుంది, గుమ్మం మూసుకోదు. సిల్వియాకు ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. లేచి వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"లే, నేను చేస్తాను," అని కమలను పక్కకు జరగమంది. ఈసారి ఏ పండూ వద్దనుకుంది. లేత కొబ్బరిబొండాం నీళ్ళు, చిటికెడు ఉప్పు, కొంచెం పంచదార. అమ్మే బిళ్ళలు చేత్తో పట్టుకుంటే విరగకూడదు కాబట్టి గడ్డి దండిగా వేస్తారు. అమ్మకు చేసేది నాలుక మీద నలిగిపోవాలి, అందుకని అందులో సగం కూడా వెయ్యదు. పోగులు కరిగేదాకా కలుపుతూ నిలబడింది. ఒక్క పోగు కరక్కుండా మిగిలినా ఆ గొంతుకు ముల్లయిపోతుంది. రెండుసార్లు వడకట్టి, కొబ్బరినీళ్ళు కలిపి, గిన్నెలో పోసి, నీళ్ళ పళ్ళెంలో పెట్టింది. వెళ్ళేటప్పుడు కమల చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆవిడ బాగుండాలనే చేశానక్కా," అంది.

"తెలుసమ్మా," అంది సిల్వియా. అది నిజమే. అదే పెద్ద చిక్కు. తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు.

మధ్యాహ్నం దాటాక గాని ఆటో దొరకలేదు. దిగి, కొండదారి నడిచి నేరేడుపుట్టు చేరేసరికి ఎండ వాలుతోంది. ఊళ్ళో అప్పుడే పండగ కళ వచ్చింది. వాకిళ్ళు అలికారు, డప్పులు ఎండకు పెట్టారు. పూజారి ఇంటి చూరు కింద కొత్త గంపలో మామిడికాయలు ఆకులు కప్పి ఉన్నాయి. అప్పలస్వామి పెరట్లో కత్తిపీటను బూడిదతో తోముతున్నాడు. కూతుర్ని చూసి పీటను గోడకు ఆనించి, భుజాన తువ్వాలు వేసుకుని, దిసారి ఇంటి వైపు వెళ్ళిపోయాడు. ఊరికి మంచిరోజులూ ముహూర్తాలూ చెప్పే పెద్దమనిషి ఆ దిసారి.

సోములమ్మ లోపల నులకమంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉంది. పొద్దుటి నుంచి నోట చుక్క పడలేదు. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. ఒకప్పుడు రెండు కుంచాల సామలు నెత్తిన పెట్టుకుని సంతకు నడిచిన మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది. సిల్వియా ఆమెను ఒళ్ళోకి లేవదీసి, మెడ కింద చెయ్యి పెట్టి, చెంచాతో చిన్న ముక్క నోట్లో పెట్టింది.

సోములమ్మ దాన్ని నాలుక మీద ఉంచుకుంది. నలిపింది. కష్టపడి మింగింది. కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది.

"నిన్నటిది కాదు గదే ఇది."

"కొబ్బరినీళ్ళమ్మా. సలవ సేత్తాదని."

"ఈ పూట మామిడెయ్యనేదా?"

సిల్వియా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. దారి పొడుగునా అల్లుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. డబ్బా లేదు, పోయినేడు లేదు. నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"నీకు తెలుసా అమ్మా?"

"నీకేటి పిచ్చా? పుండు గొంతుకి గానీ నాలిక్కి కాదు." నాలుగు మాటలకు ఒకసారి ఆగి, గాలి పీల్చుకుని చెబుతోంది సోములమ్మ. "డెబ్బయ్యేళ్ళ నుంచి తింతన్నాను మామిడిపండు. నాకెరిక అవదా? మొదటి ముక్కకే ఎరికయింది."

"మరెందుకు తిన్నావు? ఉమ్మేస్తే పోయేది కదా. నాకైనా సెప్పొచ్చు కదా."

"ఉమ్మితే మీ అయ్య ఏటని అడగడా? ఏటని సెప్పమంటావు? ఈ గుంట నాకు మామిడెట్టిందని సెప్తే నిన్ను మళ్ళీ ఈ గుమ్మం ఎక్కనిత్తాడా? పందొమ్మిదేళ్ళకి ఒచ్చినావు."

సిల్వియా ఏడుపు ఆపుకోలేకపోయింది. తల్లి మెడ కింద చెయ్యి ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. "నేను కాదమ్మా. కమల తెలీక కలిపింది. నాకు నిన్న సాయంత్రం దాకా తెలీదు."

"ఎవులైతేటి. నీ సేత్తో ఎట్టినావు, తిన్నాను." సోములమ్మ ముఖంలోకి ఒక సిగ్గు లాంటిది వచ్చింది. "కొండమ్మా, నీకు అబద్దమెందుకు సెప్పాల. మొదటి ముక్క నీ గురించే మింగినాను. రెండోది నా గురించి. అంత రుసిగా ఉంది. రెండు నెల్ల నుంచి నోరు సచ్చిపోయి ఉంది. ఆ మామిడి తగిలేసరికి బతికున్నాననిపించింది. కొత్తదాక ఉంటానో ఉండనో అనుకున్నాను. తిన్నాను. మూడు రోజులూ ఎరికుండే తిన్నాను."

సిల్వియా దాచాలనుకున్న నిజాన్ని తల్లి మూడు రోజులుగా దాచుకుని ఉంది. అదీ తన కోసం. కూతుర్ని గుమ్మంలో ఉంచుకోవడానికి ఆ మనిషి యాభై ఏళ్ళ నియమాన్ని చెంచాడు జెల్లీతో పాటు మింగేసింది. దీనికి ఏ దేవుడి దగ్గర క్షమాపణ అడగాలో, ఎవరు ఎవరిని క్షమించాలో సిల్వియాకు అంతుపట్టలేదు. తల్లి నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది.

"మరి రేపు?"

"రేపేటుంది. పీట నేను ముట్టను. సెయ్యి లెగడం నేదంటాను. మీ అయ్య నమ్ముతాడు, లెగడం నేదు కూడాని. ఊరికి కీడు రాకూడదు. అది మాత్తరం నేను సెయ్యలేను." సోములమ్మ నోరు తెరిచింది. "ఇంకో ముక్కెట్టు. సప్పగానే ఉంది గాని దాహం తీరతంది."

సిల్వియా పెట్టింది. ఒక్కొక్క ముక్కా నలిగి, కిందికి దిగిందని తెలిసేదాకా ఆగి మళ్ళీ పెట్టింది. గిన్నెలో సగం అయింది. అంత దుఃఖంలోనూ ఆమెకు కొంచెం ఊపిరి తిరిగింది. అమ్మకు తెలుసు. అమ్మ పీట ముట్టదు. అబద్ధం చెప్పాల్సిన పని లేదు, నిజం బయటపెట్టాల్సిన పనీ లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఇద్దరితో పోతుంది. పాపం, ఆ కాస్త నెమ్మదీ ఆమెకు గిన్నె ఖాళీ అయ్యేదాకా అయినా దక్కలేదు.

వాకిట్లో దగ్గు వినపడింది. అప్పలస్వామి వచ్చాడు.

ఎప్పుడూ కూతురు ఉన్నంతసేపూ లోపలికి రాని మనిషి, కత్తిపీట చేత్తో పట్టుకుని గుమ్మం దాటి వచ్చాడు. పీటను మంచం దగ్గర నేల మీద పెట్టాడు. తనూ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎటు చూసి మాట్లాడాలో తెలియక పీట వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

"మీ యమ్మకి సెయ్యి లెగదు. నాకు కనపడతానే ఉంది."

సిల్వియా వెంటనే గ్రహించలేదు. తండ్రి ఆ మాట అన్నది తనతో. పంతొమ్మిదేళ్ళు.

"ఇంటి ఆడదే కొయ్యాల. కోడలు నేదు. కూతురివి నువ్వొక్కర్తివే. నిన్నట్నించి పెద్దలతో అదే మాట. సర్చికెల్లే మనిషి ఎలాగ ముడతాదని కొందరు లెగిసినారు. ఎల్లితే ఎల్లింది, నా కడుపున పుట్టలేదా అన్నాను. పెద్ద గొడవే అయింది." పెద్దాయన ఆగాడు. ఎవరి ముందూ తల దించని మనిషి ఆ ఊరి పెద్దల ముందు ఎంత తగ్గాడో ఆ ఆగడంలో తెలిసిపోతోంది. "దిసారి ఒక్క మాటన్నాడు. పిల్ల ఏ దేవుడికి దణ్ణమెట్టినా శంకుదేవుడికి కోపం రాదు, నోరు సుబ్బరంగా ఉంటే సాలన్నాడు. అందరూ ఒప్పుకున్నారు."

అప్పుడు తలెత్తి కూతురి ముఖంలోకి చూశాడు. ముసలికళ్ళు, ఎర్రజీరలు, అడగడానికి భయపడుతున్న కళ్ళు.

"ఈ ఏడు మామిడి నోటెట్టినావా?"

లేదు అంటే చాలు. రెండక్షరాలు. రేపు పొద్దున ఊరంతా చూస్తుండగా ఆ పీట ముందు కూర్చుంటుంది. తండ్రి కాయ అందిస్తాడు. పోయిందనుకున్న పుట్టిల్లు తిరిగి వస్తుంది. సిల్వియా ఎన్ని ఈస్టర్లు కళ్ళు మూసుకుని ఆ ఒక్కటీ అడిగిందో ఆమెకే తెలుసు. ఒళ్ళో తల్లి ఊపిరి బిగపట్టి ఉండడం తెలుస్తోంది. తల్లి వేళ్ళు మోకాలి మీద బిగుసుకున్నాయి. చెప్పెయ్ అని బతిమాలుతున్నాయో, చెప్పవద్దంటున్నాయో తెలియలేదు.

ఈ మనిషి తన కోసం నలుగురి ముందూ నిలబడి వచ్చాడు. ఆ ముఖంలోకి చూస్తూ లేదు అనడం సిల్వియా వల్ల కాలేదు. అయితే అంతా చెప్పడమూ వల్ల కాలేదు. అందుకని తన వాటా మటుకు ఒప్పుకుంది. అలా ఒప్పుకుంటే అమ్మ పక్కకు తప్పుకుంటుందని పిచ్చిది అనుకుంది.

"ఎట్టినానయ్యా. నిన్న. తెలీక."

"హుకుంపేటలోనా?"

ఆమె తల ఊపింది. అది అబద్ధమే. నోటితో అనలేదు, అంతే తేడా.

అప్పలస్వామి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. సంత ఊళ్ళో బతికేవాళ్ళు కొత్త దాకా ఆగుతారని తానెందుకు అనుకున్నానా అన్నట్టు ఒకటి రెండుసార్లు తల ఆడించాడు. ఆ వేళకే అతని భుజాలు కిందికి దిగిపోయి, వచ్చినప్పటి కంటే పదేళ్ళు పెద్దవాడయ్యాడు. సిల్వియా పాదాల మీద పడదామనుకుంది గాని ఒళ్ళో అమ్మ ఉంది.

"సర్లే," అన్నాడు చివరికి. "నిజం సెప్పినావు. అదే సాలు." ఆ మాట కూడా ఆమె గుండెను కోసేసింది. పెద్దాయన పీటను మంచానికి ఇంకా దగ్గరగా జరిపాడు. గొంతు గట్టిపరుచుకుని పెళ్ళాం వైపు తిరిగాడు.

"అయితే నువ్వే ముట్టాల. సెయ్యి లెగకపోతే నేను పట్టుకుంటాను. మంచం పళంగా నలుగురం మోసుకుపోతాం. కాయ మీద నీ ఏలు ఆనితే సాలు, మిగతాది నేను కోత్తాను. దిసారిని అదీ అడిగే ఒచ్చినాను." కూతురి వైపు చూడకుండానే అన్నాడు, "ఈ ఊళ్ళో ఎంతమంది ఏటి తిన్నా మీ యమ్మ నోరు మైలపడ్డం నానెరగను. దాని సెయ్యి ఉంటే ఊరికేటీ అవదు."

తల్లిని తప్పించబోయి సిల్వియా తనే తెచ్చి పీట ముందు కూర్చోబెట్టింది. ఇప్పుడు సోములమ్మ కాదంటే ఎందుకని అడుగుతాడు. చెయ్యి లేవదన్న మాట ఇక చెల్లదు. ఒప్పుకుంటే రేపు ఊరంతటి ముందూ ఆమె చెయ్యనన్న పని ఆమె చేతే జరుగుతుంది.

"అయ్యా, అమ్మకి జొరంగా ఉంది. రేపు కదపకూడదు," అంది సిల్వియా.

"నువ్వూరుకో."

ఆ మాట అన్నది తండ్రి కాదు. ఒళ్ళోంచి సన్నగా వచ్చింది. సోములమ్మ మంచం పట్టె మీద చెయ్యి వేసింది. లేవదన్న చెయ్యి. వణుకుతూనే పట్టెను గట్టిగా పట్టుకుంది.

"కొండమ్మా, నన్ను లేపి కూకోబెట్టు."

"వద్దమ్మా. పడుకో. నీకు దణ్ణమెడతాను, మాటాడకు."

"కూకోబెట్టంతే. పడుకుని సెప్పే మాట కాదు."

సిల్వియా భుజం మీద అదిమి పట్టింది. పిట్టంత మనిషి, ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో, కూతురి చెయ్యి తోసేసి, పట్టె ఊతంతో తనే లేచింది. రెండు నెలల్లో మొదటిసారి గోడ ఆసరా లేకుండా కూర్చుంది. ఊపిరి అందక రొప్పుతోంది. అప్పలస్వామి కంగారుగా పట్టుకోబోతే వద్దని తల ఊపింది. చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుని, పైట సరిగ్గా కప్పుకుంది.

యాభై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి ఇదుగో అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు. తప్పు చేసి ఊరి ముందు నిలబడ్డ వాళ్ళు పిలిచే పిలుపు వేరే ఉంది. సోములమ్మ అతని కళ్ళలోకి చూసి ఆ పిలుపే పిలిచింది.

"పూజారీ," అంది. "ఆ పీట మంచం కాడ్నించి తీసెయ్. నీతో మాట సెప్పుకోవాల."